ర్యాగ్‌ట్యాగ్: ఎక్కడ పుట్టింది, తెలుగులో ఏమనాలి?

గట్టుమీద_పుస్తకం
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో వాషింగ్టన్ సైన్యాన్ని ‘ర్యాగ్‌ట్యాగ్ ఆర్మీ’ అన్నారు. ‘చిరిగిన సైన్యం’ అంటే తెలుగు కాదు. ‘అల్లరి మూక’ అంటే రాళ్లు రువ్వేవాళ్లు గుర్తొస్తారు. ‘అలగా జనం’ అంటే తిట్టు. వ్యాసకర్త తిట్టడం లేదు, అలాంటి వాళ్లతోనే ఒక సామ్రాజ్యాన్ని ఎదిరించారని మెచ్చుకుంటున్నాడు. అదే పేజీలో మోట్లీ, రిఫ్‌రాఫ్ కూడా ఉన్నాయి. నిఘంటువులో మూడింటికీ దాదాపు ఒకే అర్థం ఇచ్చారు. మూడూ ఒకటేనా? పుట్టుక తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత_నిఘంటువు
ఒకటి కావండీ. మూడూ కలగలిసిన గుంపునే చెబుతాయి గానీ మూడు దారుల్లో వచ్చాయి, ఆ దారుల వాసన ఇప్పటికీ పోలేదు. ముందు ర్యాగ్‌ట్యాగ్ సంగతి చూద్దాం.

ర్యాగ్ అంటే పేలిక. ట్యాగ్ అంటే బట్ట అంచు చిరిగి వేలాడే పీలిక. రెండూ చింకిబట్ట ముక్కలే. పదహారో శతాబ్దపు ఇంగ్లీషులో ‘ట్యాగ్ అండ్ ర్యాగ్’ అనేది బాగా వాడుకలో ఉన్న జంట, వరస మాత్రం ఇప్పటికి తలకిందులు. ఊళ్లో పనికిమాలిన వాళ్లంతా, అడ్డమైన వాళ్లంతా అనే అర్థంలో వాడేవారు. షేక్‌స్పియర్ 1599 నాటి జూలియస్ సీజర్ నాటకంలో సీజర్ మీద కుట్ర పన్నినవాళ్లలో ఒకడైన కాస్కా నోట ‘ట్యాగ్‌ర్యాగ్ జనం’ అనిపించాడు. నాటకశాలలో నటులకు చప్పట్లు కొట్టినట్టు, నచ్చకపోతే ఈలలేసి గేలి చేసినట్టు, ఆ జనం సీజర్‌తో కూడా అలాగే ప్రవర్తించారని కాస్కా ఈసడింపు. ఆయనదే మరో నాటకం కొరియొలానస్‌లో అయితే ఉత్త ‘ట్యాగ్’ అన్నా జనమూకే. అంటే అప్పటికే ఆ ముక్క ఒక్కటి చాలు, వినేవాళ్లకు అర్థమైపోయేది.

పదిహేడో శతాబ్దంలో దీనికి మూడో ముక్క అంటుకుంది: ‘ట్యాగ్, ర్యాగ్ అండ్ బాబ్‌టెయిల్’. శామ్యూల్ పెప్స్ తన డైరీలో 1660 మార్చి 6న ఇదే వాడాడు. గదుల నిండా ఈ రకం జనం ఆడుతూ పాడుతూ తాగుతూ ఉంటే తనకు సిగ్గనిపించి, ఒకటి రెండు నృత్యాలు చూసి వచ్చేశానని రాసుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దానికి వరస తిరగబడి ర్యాగ్ ముందుకొచ్చింది, బాబ్‌టెయిల్ మెల్లగా రాలిపోయింది, ర్యాగ్‌ట్యాగ్ మిగిలింది.

మనుషులను బట్ట ముక్కల పేరుతో ఎందుకు పిలిచారన్నది అసలు తెలుసుకోవాల్సిన విషయం. ఆ కాలపు ఇంగ్లండులో ఎవరు ఏ గుడ్డ కట్టాలో చట్టమే చెప్పేది. ఎలిజబెత్ రాణి 1574లో జారీ చేసిన ప్రకటనలో బంగారు జలతారు, ఊదారంగు పట్టు, సేబుల్ బొచ్చు లాంటివి రాజకుటుంబానికీ, పై వరస ప్రభువులకూ మాత్రమే. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దిగుతూ ఏ అంతస్తుకు ఏ వస్త్రమో జాబితా ఉంటుంది. ఈ చట్టాలను ఎత్తేసింది 1604లో. బట్టను చూసి మనిషి స్థాయి చెప్పే సమాజంలో పేలిక అంటే పేలిక కట్టినవాడే. ఫ్రెంచి విప్లవంలో ‘సాన్ కులోత్’ అన్న పేరూ ఇలాంటిదే. పై తరగతుల మోకాలి లాగు తొడగకుండా, పొడుగు పంట్లాం వేసుకునే పనివాళ్లని అర్థం. అది మొదట వెక్కిరింపు, తర్వాత వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు.

మానేరు
అన్నా, నేను వేరే తీరుగ చదివిన. పాతగుడ్డలు ఏరేటోళ్లు మూటలు కట్టి వాటికి చీటీలు, అంటే ట్యాగులు కట్టేటోళ్లట, ర్యాగులకు ట్యాగులు గనుక ర్యాగ్‌ట్యాగ్ అయిందని ఒక వీడియోల చెప్పిన్రు. వినడానికైతే మంచిగనే ఉంది.

పాత_నిఘంటువు
మంచిగుండడమే దాంతో చిక్కు, తమ్ముడూ. ట్యాగ్‌కి చీటీ, లేబుల్ అనే అర్థం 1830ల నాటిది. మన జంటపదం అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే వాడుకలో ఉంది. లేని అర్థం నుంచి మాట పుట్టదు. పైగా తొలి వరస ట్యాగ్ అండ్ ర్యాగ్. మూటకు చీటీ కట్టే కథ నిజమైతే మూట ముందు రావాలి.

ఇలాంటి కథ ఏది కనిపించినా ఇదే పద్ధతిలో పరీక్షించండి. ముందు ఆ మాట కనిపించిన అన్నిటికన్నా పాత వాక్యం, దాని సంవత్సరం పట్టుకోవాలి. ఆ తర్వాత మాటలోని ప్రతి ముక్కకూ ఆ సంవత్సరానికి ఏ అర్థం ఉందో చూడాలి, ఇప్పటి అర్థం కాదు. ఆ పైన అప్పటి నుంచి ఇప్పటి దాకా మధ్యలో వాడుకలు దొరుకుతున్నాయా అన్నది చూడాలి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ప్రతి అర్థానికీ తేదీలతో ఉదాహరణలు ఇస్తుంది కాబట్టి ఈ పని కూర్చున్నచోటే అయిపోతుంది. చాలా కథలు రెండో పరీక్షలోనే పడిపోతాయి.

ట్యాగ్‌కి మరో పాత అర్థం కూడా ఉంది, దాన్నీ కలపొద్దు. బూట్ల తాడు కొసన ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, ఆ తొడుగును కూడా ట్యాగ్ అనేవారు. అప్పట్లో అది లోహం. మగవాళ్లు పై చొక్కాకూ కింది తొడుగుకూ కలిపి కట్టే తాళ్లకు కొసన ఉండేది. ట్యాగ్‌ర్యాగ్‌లో ఉన్నది మాత్రం ఈ తొడుగు కాదు, చిరిగి వేలాడే పీలికే.

లావణ్య_సబ్‌టైటిల్స్
బాబ్‌టెయిల్ సంగతి వదిలేశారు. బాబ్ అంటే పొట్టిగా కత్తిరించడం, బాబ్ క్రాఫ్‌లో ఉన్నది అదే. తోక కత్తిరించిన గుర్రమో కుక్కో బాబ్‌టెయిల్. ఊరకుక్క అనే అర్థంలో మనుషులకూ తగిలించారు. ఇంగ్లీషు మీడియం బళ్లలో క్రిస్మస్‌కి పిల్లలు పాడే జింగిల్ బెల్స్‌లోని బాబ్‌టెయిల్ ఈ గుర్రమే. ‘బాబ్’ అని ఎవరో కుర్రాడున్నాడనుకుని పాడతారు, అక్కడ కుర్రాడెవరూ లేడు. ఆ పాట 1857 నాటిది, అప్పట్లో బండి గుర్రాల తోక పగ్గాలకు చిక్కుకోకుండా పొట్టిగా ఉంచేవారు.

కోటబురుజు
యుద్ధ చరిత్ర వైపు నుంచి చెబుతాను. వాషింగ్టన్ సైన్యానికి ఈ మాట ఎంతవరకు అతుకుతుందో తెలిస్తేనే అనువాదం కుదురుతుంది.

1775 జూలై 3న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఆయన సైన్యాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. యూనిఫారాలు లేవు. ఎవరు అధికారో ఎవరు సిపాయో చూసి పోల్చుకోలేని స్థితి. జూలై 23న ఇచ్చిన ఉత్తర్వు చదవండి: కర్నల్, మేజర్ స్థాయి వాళ్ల టోపీకి ఎర్రని లేదా గులాబీ రంగు రిబ్బను పువ్వు, కెప్టెన్లకు పసుపు లేదా లేత గోధుమ రంగు, వాళ్ల కింది అధికారులకు ఆకుపచ్చ. సార్జెంటుకు కుడి భుజం మీద ఎర్రగుడ్డ పట్టీ, కార్పొరల్‌కు ఆకుపచ్చ పట్టీ. ఒక సైన్యం హోదాలు మొత్తం గుడ్డ ముక్కల మీద నడిచాయి. మాట పుట్టుకలో ఉన్న పేలికలు ఇక్కడ నిజంగానే కనిపిస్తాయి.

అంతకు రెండు వారాల ముందు కాలనీలన్నిటి ఉమ్మడి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు రాస్తూ కనీసం 10,000 వేట చొక్కాలు కావాలని అడిగాడు. ఖర్చు తక్కువ అన్నది ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం. అందరూ ఒకే చొక్కా తొడిగితే నువ్వు ఫలానా కాలనీ, నేను ఫలానా కాలనీ అన్న భేదాలు, వాటివల్ల వచ్చే అసూయలు తగ్గుతాయని. అంటే సమస్య చింకి బట్ట ఒక్కటే కాదు, కలగలుపు కూడా. ర్యాగ్‌ట్యాగ్‌లోని రెండు పొరలూ ఆ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి.

1777 డిసెంబర్ 19న ఈ సైన్యం వ్యాలీ ఫోర్జ్ శిబిరానికి చేరింది. 23న వాషింగ్టన్ రాసిన లెక్క: కాళ్లకు జోళ్లు లేక, ఒంటి మీద బట్ట లేక పనికి రాలేని వాళ్లు 2,898 మంది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన ప్రష్యా సైనికాధికారి వాన్ స్టూబెన్ మార్చిలో దాదాపు 100 మందితో ఒక నమూనా దళం కట్టి, తనే దగ్గరుండి కవాతు నేర్పాడు. ఆ దళం నేర్చుకున్నది మిగతా సైన్యానికి నేర్పింది. 1778 జూన్ 28న మాన్మౌత్ దగ్గర అదే సైన్యం బ్రిటిష్ పటాలాల ముందు వరస చెదరకుండా నిలబడింది.

కాబట్టి మీ వ్యాసంలో ఆ మాట ఏ సంవత్సరానికి వాడారో చూసుకోండి. 1775కైతే బట్ట లేదు, శిక్షణ లేదు, పొందిక లేదు, మూడూ కుదురుతాయి. 1778 వేసవికి బట్ట సంగతి ఎలా ఉన్నా ‘క్రమశిక్షణ లేని’ అని రాస్తే చరిత్ర తప్పుతుంది.

గట్టుమీద_పుస్తకం
నా వాక్యం 1775దే, కేంబ్రిడ్జి శిబిరం గురించి. మోట్లీ మాత్రం అంతకు ముందు, బోస్టన్ కాల్పుల దగ్గర వస్తుంది.

పాత_నిఘంటువు
అయితే అది జాన్ ఆడమ్స్ వాడిందే అయ్యుండాలి. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సిపాయిలు గుంపు మీద కాల్పులు జరిపి ఐదుగురిని చంపారు. నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా ఎనిమిది మంది సిపాయిల మీద విచారణ జరిగితే వాళ్ల తరఫున వాదించినవాడు ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడు. ఆ గుంపును ‘మోట్లీ ర్యాబుల్’ అని, అందులో ఎవరెవరున్నారో వరసగా చెప్పాడు: పొగరు కుర్రాళ్లు, నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు, ఐరిష్‌వాళ్లు, ఎక్కడి నుంచో వచ్చిన నావికులు. ఆరుగురు సిపాయిలు విడుదలయ్యారు, ఇద్దరికి నరహత్య నేరం మాత్రమే పడింది. చనిపోయినవాళ్లు పరువైన పౌరులు కాదు, కలగాపులగపు మూక అని జ్యూరీ మనసులో నాటడం ఆయన వాదంలో భాగం. ఇక్కడ మోట్లీని ‘రంగురంగుల’ అనో ‘వైవిధ్యభరితమైన’ అనో తెలుగు చేస్తే ఆ విషం అంతా ఇంకిపోతుంది. దయచేసి అలా చేయకండి.

మాట పుట్టుక మాత్రం విషం లేనిదే. మోట్లీ అంటే రకరకాల రంగుల నూలు కలిపి నేసిన గుడ్డ. ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో, అంటే పద్నాలుగో శతాబ్దం చివర, ఆయన కథల్లోని వ్యాపారి మోట్లీ తొడుక్కుని ఎత్తయిన గుర్రం మీద దర్జాగా కూర్చుంటాడు. తర్వాతి కాలంలో ఆస్థాన విదూషకుల వేషానికి ఆ పేరు అతుక్కుపోయి మర్యాద తగ్గింది. ‘మోట్లీ క్రూ’ అనే జంట పద్దెనిమిదో శతాబ్దంలో కుదురుకుంది. అందులో క్రూ కూడా మొదట ఓడ సిబ్బంది కాదు, సైన్యానికి అదనంగా పంపే బలగం.

తేడా ఇలా పట్టుకోండి: మోట్లీ కలగలుపును చెబుతుంది, చింకితనాన్ని చెప్పదు. పట్టుబట్టలు కట్టిన పదిమంది కూడా మోట్లీ గుంపు కావచ్చు, ర్యాగ్‌ట్యాగ్ కాలేరు.

లావణ్య_సబ్‌టైటిల్స్
రిఫ్‌రాఫ్ వీటికి భిన్నం. పాత ఫ్రెంచిలో ‘రిఫ్ ఎ రాఫ్’ అంటే ఒక్కటి మిగలకుండా అంతా. దోచుకోవడం, ఎత్తుకుపోవడం అనే క్రియల నుంచి వచ్చింది. అంతా అన్న అర్థం నుంచి ‘అడ్డమైనవన్నీ’, దాన్నుంచి ‘పనికిరాని జనం’ అయింది. ఇందులో మెచ్చుకోలు ఎక్కడా లేదు. వాడుకలో బహువచనం చేయరు, ముందు ‘ఒక’ కూడా చేర్చరు. ‘ర్యాగ్‌ట్యాగ్ టీమ్’ అని ఆటగాళ్లు తమను తామే చెప్పుకుంటారు, రిఫ్‌రాఫ్ అని ఎవరూ చెప్పుకోరు. ర్యాగ్‌ట్యాగ్ ఎక్కువగా నామవాచకానికి ముందు విశేషణంగా వస్తుంది: ఆర్మీ, బ్యాండ్, బంచ్, టీమ్, ఫ్లీట్, కొయలిషన్. రిఫ్‌రాఫ్ తనే నామవాచకం.

మాబ్ కూడా ఇదే వీధిలోదే. లాటిన్ ‘మోబిలే వల్గుస్’, అంటే నిలకడ లేని జనం. దాన్ని 1680ల్లో ముందు ముక్క వరకు కోసి మాబ్ చేశారు. జొనాథన్ స్విఫ్ట్‌కి ఈ కోతలంటే ఒళ్లుమంట. 1710లో ట్యాట్లర్ పత్రికలో ఈ మాటను ఆపడానికి కొన్నేళ్లుగా శాయశక్తులా ప్రయత్నించానని రాశాడు. మాట ఆగలేదు.

మానేరు
మరి కాలేజీల ర్యాగింగ్ కూడా ఈ ర్యాగేనా అన్నా? 1997ల ఆంధ్రప్రదేశ్‌ల ర్యాగింగ్ నిషేధ చట్టం గూడ తెచ్చిన్రు గదా.

పాత_నిఘంటువు
కాదు. అది ఏడిపించడం, తిట్టడం అనే క్రియ, పద్దెనిమిదో శతాబ్దంలో కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ యాసగా అంతా వ్యాపించింది పంతొమ్మిదో శతాబ్దం చివర. నిఘంటువులు దాన్ని పేలికతో కలపకుండా వేరే పదంగానే చూపిస్తాయి.

గోదారి_గట్టు
ఇక తెలుగు వైపు రండి. ఇక్కడ తొందరపడి ఏదో ఒక జాతీయం అతికించేస్తే పాడైపోతుంది. మన జాతీయాలు ఒక్కొక్కటీ ఒక్కో పనికి పుట్టాయి.

కలగూరగంప: రకరకాల కూరలు ఒకే గంపలో. ఇది కలగలుపు, అంతే. తిట్టూ కాదు, పొగడ్తా కాదు. మామూలు మోట్లీకి దగ్గర. కానీ దీన్ని వస్తువులకు, విషయాలకు, సంకలనాలకు హాయిగా వాడతాం, సైన్యానికి వాడితే వంటింటి వాసన వేస్తుంది.

కప్పల తక్కెడ: ఒక కప్పను తక్కెడలో వేసేలోగా ఇంకొకటి బయటికి దూకుతుంది. ఇది నిలకడ లేని కూటమికి. ర్యాగ్‌ట్యాగ్ కొయలిషన్ అని ఉంటే, ఎప్పుడు ఎవరు బయటికి పోతారో తెలియని ప్రభుత్వమైతే, ఇది అచ్చంగా కుదురుతుంది. వాషింగ్టన్ సైన్యంలో కాలపరిమితి తీరగానే ఇళ్లకు వెళ్లిపోయే సిపాయిలుండేవారు నిజమే గానీ, మీ వాక్యం చెబుతున్నది అది కాదు.

అతుకుల బొంత: పాతగుడ్డలు అతికి కుట్టిన బొంత. ఇందులో గుడ్డ ఉంది, పాతదనం ఉంది, కలగలుపు ఉంది. పత్రికలు సంకీర్ణ ప్రభుత్వాలకు దీన్ని బాగా వాడాయి. పుట్టుక పరంగా ర్యాగ్‌ట్యాగ్‌కి ఇంతకన్నా దగ్గరి బంధువు తెలుగులో లేదు. అయితే బొంత అనగానే విడివిడి మనుషులు మాయమై అతుకులే కనిపిస్తాయి. వ్యవస్థకు బాగుంటుంది, మనుషుల గుంపుకు అంత బాగుండదు.

నానాజాతి సమితి: ఐక్యరాజ్య సమితికి ముందున్న సంస్థకు తెలుగు పేరు ఇది. మాటల్లో ఎవరెవరో చేరిన గుంపుకూ అనేస్తాం. రచనలో, అందులోనూ చరిత్ర వ్యాసంలో వద్దు, నిజం సంస్థ అనుకునే ప్రమాదం ఉంది.

గాలి బ్యాచ్, చిల్లర మూక, అలగా జనం: ఇవన్నీ రిఫ్‌రాఫ్ వైపు. అలగా జనంలో పుట్టుకను బట్టి కించపరిచే ధ్వని ఉంది. ఆడమ్స్ లాంటివాడి నోట్లో పెట్టడానికి పనికొస్తుంది గానీ రచయిత సొంత గొంతుగా రాయకూడదు.

మిగిలింది చింపిరి. చింపిరి జుట్టు, చింపిరి గుడ్డలు అంటాం. చింకితనం, చిందరవందర రెండూ ఉన్నాయి, పుట్టుక మీద దెబ్బ లేదు, కాస్త జాలి, కాస్త చనువు ధ్వనిస్తాయి. ‘చింపిరి సేన’ అన్నది నా ఓటు.

కోటబురుజు
చింపిరి బాగుంది గానీ కలగలుపు పోయిందండీ. ఒకే ఊరివాళ్లు పదిమంది చింపిరి గుడ్డలతో ఉన్నా చింపిరి సేనే. ఇక్కడ రైతులు, చేతిపనివాళ్లు, మత్స్యకారులు, వేర్వేరు కాలనీలవాళ్లు ఉన్నారు. పేలిక ఒక్కటే కాదు, పేలికల మూట కావాలి.

గోదారి_గట్టు
నిజమే. ఒక్క మాటలో రెండూ రావు, అందుకే ఒక్క మాట కోసం పట్టుబట్టకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు వాక్యంలో విప్పి చెప్పాలి: ‘ఎక్కడెక్కడి నుంచో పోగైన చింపిరి సేన’. ‘పోగైన’ అనండి, ‘పోగేసిన’ అంటే ఎవరో బలవంతాన తోలుకొచ్చినట్టు ఉంటుంది. షేక్‌స్పియర్ ఫాల్‌స్టాఫ్ అలా పోగేసినవాడు. నాలుగో హెన్రీ మొదటి భాగంలో డబ్బున్నవాళ్ల దగ్గర మూడు వందల పైచిలుకు పౌన్లు పుచ్చుకుని వదిలేసి, వాళ్లకు బదులు 150 మంది దిక్కులేనివాళ్లను పట్టుకొస్తాడు. దళం మొత్తానికి ఒకటిన్నర చొక్కా కూడా లేదంటాడు, ఆ అర చొక్కా కూడా రెండు చేతిగుడ్డలు కలిపి కుట్టింది. అలాంటి చోట ‘పోగేసిన’ సరిగ్గా సరిపోతుంది. కేంబ్రిడ్జి శిబిరానికి చాలామంది తమంతట తామే వచ్చారు.

లావణ్య_సబ్‌టైటిల్స్
సబ్‌టైటిల్‌లో విప్పి చెప్పే చోటు ఉండదు, రెండు వరసల్లో అయిపోవాలి. అక్కడ మేం చేసే పని, ముందు ఆ మాట తీసేసి సన్నివేశం చూడటం. బొమ్మలో చింకి బట్టలు కనిపిస్తూనే ఉంటే మాటల్లో కలగలుపు ఒక్కటి చెబితే చాలు: ‘తలో ఊరి సేన’. రకరకాల మనుషులు తెర మీదే కనిపిస్తుంటే ‘చింపిరి సేన’ చాలు. ఆటల సినిమాలో ఎవరూ లెక్కచేయని జట్టుకైతే ‘అనామక జట్టు’ అని రాస్తాం, అక్కడ బట్టల ఊసే అనవసరం. మాట పలికేది శత్రువైతే ‘గుంపు’ని ‘మూక’ చేస్తే సరి, ఈసడింపు దానంతట అదే వస్తుంది.

మానేరు
మన దిక్కు ‘కాఫీ గీఫీ’, ‘పుస్తకం గిస్తకం’ అంటం గదా, ర్యాగ్‌ట్యాగ్ గూడ గట్ల ప్రాస కోసమే అంటుకున్నదా?

గోదారి_గట్టు
ప్రాస ఉంది గానీ పద్ధతి వేరు. గి, గీలతో చేసే జంటలో రెండో మాటకు సొంత అర్థం లేదు, మొదటి అచ్చు పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ, అంతే లెక్క. ర్యాగ్‌కీ ట్యాగ్‌కీ దేని అర్థం దానికుంది. మన తట్టాబుట్టా, చెట్టూచేమా లాంటి జంటలతో పోల్చాలి. ‘సేనా గీనా’ అని రాస్తే లెక్కలేనితనం వస్తుంది, చింకితనం రాదు.

గట్టుమీద_పుస్తకం
ఇలా రాశాను, చూడండి: ‘కేంబ్రిడ్జిలో వాషింగ్టన్‌కు దొరికింది యూనిఫారాలు కూడా లేని, ఎక్కడెక్కడి నుంచో పోగైన చింపిరి సేన. ఆ సేనతోనే ఆయన నాటి ప్రపంచంలో కెల్లా బలమైన సామ్రాజ్యానికి ఎదురు నిలవాల్సి వచ్చింది.’ ఆడమ్స్ మాటకు ‘కలగాపులగపు మూక’ అని పెట్టాను. రిఫ్‌రాఫ్ ఒక బ్రిటిష్ అధికారి మాటగా వస్తుంది, ‘అలగా జనం’ అన్నాను.

కోటబురుజు
‘దొరికింది’ తీసేయండి, ఆయన వెతుక్కుంటూ వెళ్లలేదు. ‘వాషింగ్టన్ చేతికి వచ్చింది’ అనండి. ‘యూనిఫారాలు కూడా లేని’లో ‘కూడా’ అక్కర్లేదు, చింపిరి ఆ పని చేస్తోంది. ఇంకొకటి, మూలంలో మిలీషియా అని వేరేగా ఉన్నచోట ‘సేన’ వాడకండి, ‘స్థానిక దళాలు’ అని రాయండి. కాంటినెంటల్ ఆర్మీ జీతం మీద, కాలపరిమితి మీద చేరిన సైన్యం. మిలీషియా ఊరికి ఆపద వచ్చినప్పుడు తుపాకీ పట్టుకుని వచ్చి, పని కాగానే పొలానికి వెళ్లిపోయేవాళ్లు. ఇంగ్లీషులో రెండింటికీ ర్యాగ్‌ట్యాగ్ తగిలిస్తారు కాబట్టి, మాట వచ్చిన ప్రతిచోటా వెనక ఉన్న నామవాచకం ఏదో చూసుకుని రాయండి.